మూడక్షరాల గడియారం

(మన సంఘం సాలూరు సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం సభ్యుల కోరికపై రాసి ఇచ్చినది.)



కరువు భత్యం బకాయిల సంగతి, నవంబరులో ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. ఆ తరవాత మైకు నాకిచ్చి, "ఆ జేబు గడియారం కథ చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారు. అడగడం నిజమే. ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించి విసిగించాను కాబట్టి అడుగుతున్నారు. నేను కొన్నాననుకున్నది ఒకటి, నా చేతికి వచ్చింది ఇంకొకటి. ఆ తేడా ఎలా బయటపడింది, బయటపడ్డాక దాన్ని నేనేం చేశాను అన్నది చెబుతాను. గడియారం గురించి మాట్లాడేవాడు టైము దాటితే నవ్వుతారు కనుక త్వరగానే ముగిస్తాను.

ముందు గొలుసు సంగతి చెప్పాలి.

మా నాన్నగారు రైల్వేలో గార్డు. 1938లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరారు. మన పెద్దలందరూ బి.ఎన్.ఆర్. అనేవారు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908–09లో వచ్చింది. మన సాలూరుకి 1913లో వచ్చింది. పార్వతీపురం దాటి రాయపూర్ వరకూ పూర్తయ్యేసరికి 1931. 1944 అక్టోబరు 1న ఆ రైల్వే కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. 1952లో తూర్పు రైల్వేలో కలిపారు, 1955లో మళ్లీ విడదీసి ఆగ్నేయ రైల్వే అన్నారు. "మూడు రైల్వేల్లో ఉద్యోగం చేశాను, ఒక్క బదిలీ అర్జీ పెట్టలేదు" అని నాన్నగారు నవ్వేవారు. ఈ తారీఖులు కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తాయి.

గార్డుకి ఎర్రజెండా, పచ్చజెండా, దీపం, ఈల, రూళ్ల పుస్తకం, వాటితోపాటు ఒక జేబు గడియారం రైల్వేవారే ఇచ్చేవారు. బండి కదిలే ముందు గార్డు తన గడియారాన్ని స్టేషను గడియారంతో సరిచూసుకుని, ఆ టైము డ్రైవరుకి చెప్పాలి. ఆ స్టేషను గడియారాన్ని సరిచేయడానికి రోజూ సాయంత్రం నాలుగు గంటలకు తంతి మీద సంకేతం వచ్చేది. నేను పోస్టాఫీసులో చేరాక, నా తేదీ ముద్ర కన్నా నాన్నగారి గడియారానికే ఎక్కువ మర్యాద ఉందని అర్థమైంది. చిన్నప్పుడు మేం దాన్ని ముట్టుకోకూడదు. చెవి దగ్గర పెడితే వినవచ్చు, అంతే. వెనక మూత మీద బి.ఎన్.ఆర్. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద ఒక నంబరు.

1974లో ఆయన రిటైరయ్యారు. జెండాలు, దీపం, ఈల, గడియారం ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇచ్చి, సంతకం చేసి ఇంటికి వచ్చారు. గొలుసు మాత్రం ఆయన సొంత డబ్బుతో కొనుక్కున్నది. అది మిగిలింది. చాలాకాలం పడకగదిలో మేకుకి ఆ గొలుసు ఖాళీగా వేలాడుతూ ఉండేది. పొద్దున్న లేవగానే ఆయన చెయ్యి అలవాటు చొప్పున ఆ మేకు వైపు వెళ్లి ఆగిపోవడం నేను చూశాను. ఆయన పోయాక గొలుసు నా పెట్టెలోకి వచ్చింది.

ఇక వేలం. బెంగళూరులో ఉన్న మా మనవడు సెలవులకి వచ్చినప్పుడు, ఫోనులో పాత వస్తువుల వేలం జరుగుతుందని చూపించాడు. మన వేలం పాట లాంటిదే. పాటదారు కనిపించడు, సుత్తి కొట్టేవాడు ఉండడు, అంతే తేడా. ఫలానా రోజు ఫలానా నిమిషానికి వేలం ముగుస్తుందని ముందే రాసి ఉంటుంది. అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్న పాట, చివరి రెండు నిమిషాల్లో ఒక్కసారి లేస్తుంది. అక్కడ ఒక జేబు గడియారం కనిపించింది. "1900 నాటిది, ఇంగ్లీషు రైల్వే వాచీ, అసలు వెండి, బి.ఎన్.ఆర్., నడుస్తోంది" అని రాశారు. నాలుగు ఫొటోలు. వెనక మూత మీద ఆ మూడక్షరాలు.

ఆరువేలు దాటకూడదు అనుకుని కూర్చున్నాను. పదకొండు వేల ఐదువందల దగ్గర లేచాను. అందులో చివరి మూడువేలు ఎనభై సెకన్లలో పెరిగాయి. మా ఆవిడ అప్పటిదాకా ఏమీ అనలేదు. అయిపోయాక, "మావగారి గొలుసు కన్నా మావగారి నిదానం మీకొచ్చి ఉంటే బాగుండేది" అంది. మనవడు అప్పటికే ఒక మాట అన్నాడు. "తాతా, నాలుగు ఫొటోల్లో ఒక్కటీ మూత తీసి లోపల చూపించలేదేం?" అని. నేను పట్టించుకోలేదు. మీలో ఎవరైనా ఇలాంటివి కొనాలనుకుంటే ఆ కుర్రవాడి ప్రశ్నే మొదట అడగండి. లోపలి యంత్రం ఫొటో పంపనివాడి దగ్గర కొనకండి. "నడుస్తోంది" అన్న మాటకి అర్థం, ఫొటో తీసినంతసేపు నడిచింది అని.

పార్సెలు వచ్చింది. కీ ఇచ్చాను. బల్ల మీద వెల్లకిలా పెడితే నడిచింది, జేబులో నిలువుగా వేసుకుంటే ఆగిపోయింది. అక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. నూనె లేక ఆగుతోందని నిర్ణయించి, మా ఆవిడ కుట్టుమిషను నూనె ఒక చుక్క, సూది మొనతో లోపల వేశాను. ఆ సాయంత్రం నుంచి గడియారం గంటకి పది నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలుపెట్టింది.

బజారులో ఒక కొట్టు అరుగు మీద వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. ఎనభైకి దగ్గరపడ్డారు. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి భూతద్దం బిగించి పనిచేస్తారు. మన చిన్నతనంలో ఆయన బల్ల ముందు మనుషులు నిలబడి ఉండేవారు. 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలైన దగ్గరనుంచి కీ ఇచ్చే వాచీ ప్రతి ఉద్యోగి చేతికీ వచ్చింది. మనకి పదవీ విరమణ నాడు శాలువాతోపాటు ఇచ్చింది కూడా అదే కదా. తరవాత బ్యాటరీ వాచీలు వచ్చాయి. ఆగితే సెల్లు మారుస్తారు, లేదా పారేస్తారు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీయే 2016లో మూతపడింది. ఇప్పుడు ఆయన రోజులో ఎక్కువభాగం చేసేది సెల్లు మార్చడం, బెల్టు మార్చడం.

గడియారం చేతికివ్వగానే ఆయన ముందువైపు చూడనే లేదు. వెనక మూత తీశారు. దాని కింద ఇంకో మూత ఉంది, అదీ తీశారు.

"ఏటి పోస్టుమాస్టరు గారూ, దీన్లో నూనె ఎవురు పోసేరు?"

నేనే అన్నాను.

"మీరు ఉత్తరాలు సరిగ్గానే పంచేరా బాబూ?" అన్నారు.

హెయిర్ స్ప్రింగు అని వెంట్రుకలాంటి చుట్ట ఒకటి ఉంటుంది. బాలెన్సు చక్రాన్ని అటూ ఇటూ తిప్పేది అదే. ఇలాంటి గడియారంలో అది సెకనుకి ఐదుసార్లు టిక్కుమంటుంది. రోజుకి 4,32,000 సార్లు. చుట్టలు ఒకదానికొకటి తగలకుండా ఊపిరి తీస్తున్నట్టు విచ్చుకుని ముడుచుకోవాలి. నా నూనె పాకి చుట్టలు రెండు అంటుకున్నాయి. దాంతో స్ప్రింగు పొడవు తగ్గినట్టయింది, పొడవు తగ్గితే చక్రం తొందరగా ఊగుతుంది, గడియారం పరుగెడుతుంది. కారణం తెలిశాక ఎంత తేలిగ్గా ఉందో చూడండి.

అప్పుడాయన భూతద్దం నా చేతికిచ్చి, "పేరు చదవండి" అన్నారు. డయలు మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, బొంబాయి, కలకత్తా అని ఉంది. 1886లో మొదలై, మన దేశంలో రైల్వేలకీ సైన్యానికీ గడియారాలు అమ్మిన పేరున్న స్విట్జర్లాండు సంస్థ అది. లోపల యంత్రం మీద చూస్తే ఒమేగా అని చెక్కి ఉంది.

"పైన ఒకడి పేరు, లోన ఇంకొకడి పేరు. ఇదేటి?" అని నన్నే అడిగారు.

మిత్రులారా, ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి సాలూరు వాళ్లకి గడియారాల శాస్త్రం అక్కర్లేదు. మనది లారీల ఊరు. ఘాటు ఎక్కి ఒడిశా వైపు పోయే లారీలు ఎన్ని మన షెడ్లలో బాడీ కట్టించుకున్నాయో మనకి తెలుసు. పాత లారీ కొనేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? ముందు రాసిన అమ్మవారి పేరు, వెనక వేసిన నెమలి బొమ్మ చూసి కొనరు. చాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు తీస్తారు. ఇంజను నంబరు చూస్తారు. రెండూ పుస్తకంతో సరిపోతేనే బేరం. జేబు గడియారం కూడా అంతే. డయలు పెయింటింగు, కేసు బాడీ, లోపలి యంత్రం ఇంజను. పెయింటింగు ఎవరైనా వేయిస్తారు, బాడీ ఎవరైనా మారుస్తారు. నమ్మవలసింది ఇంజను నంబరుని.

ఆ నంబరు యంత్రం మీద ఉంది. 71 లక్షల పైచిలుకు. ఒమేగా వారు యంత్రాలకి వరస నంబర్లు వేసేవారు. ఏ ఏడాది ప్రాంతంలో ఎంతవరకు వచ్చాయో పట్టికలు ఉన్నాయి, మనవడు ఫోనులో తీసి చదివాడు. 1902 ప్రాంతానికి 20 లక్షలు. 1929 ప్రాంతానికి 70 లక్షలు. 1935 నాటికి 80 లక్షలు. కాబట్టి నాది 1930కి అటూ ఇటూగా తయారైంది. 1900 నాటిది అన్న మాట అబద్ధం. ముప్ఫై ఏళ్లు ఎక్కువ చెప్పాడు. మన పుట్టినతేదీలు బళ్లో రెండేళ్లు తగ్గించి వేయించినట్టు, వీడు పెంచాడు.

రెండోది వెండి. స్విట్జర్లాండు వెండి కేసు లోపల ఒక ఎలుగుబంటి బొమ్మో, ఒక అడవికోడి బొమ్మో ముద్ర వేసి ఉంటుంది. వెయ్యికి 875 పాళ్లు వెండి ఉంటే ఎలుగుబంటి, 800 పాళ్లయితే కోడి. ఇంగ్లండు వెండికి నడుస్తున్న సింహం. నా దానిలో ఏ జంతువూ లేదు. పెద్దాయన ముక్కు దగ్గర పెట్టుకుని, మూత అంచు మీద గోటితో రుద్ది, "నికెల్ బాబూ, మంచి నికెల్" అన్నారు. ఆ "మంచి" నన్ను ఓదార్చడానికి అన్న మాట.

మూడోది డయలు. అక్షరాల అంచులు ముద్దగా ఉన్నాయి. సెకన్ల చిన్న చక్రం గీతలు ఇరుసుకి మధ్యలో లేవు, కొంచెం పక్కకి జరిగాయి. ఫ్యాక్టరీ డయలు అలా ఉండదు. పాత డయలుని గీకి, రంగు వేసి, అమ్ముడుపోయే పేరు ముద్రించారు. పాపం ఆ కంపెనీకి దీంతో ఏ సంబంధమూ లేదు.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ మూడక్షరాలు. వాటి కోసమే కదా నేను ఎనభై సెకన్లలో మూడువేలు పెంచాను. పెద్దాయన వెనక మూతని కిటికీ వెలుగులోకి ఏటవాలుగా పట్టుకుని చూపించారు. మూత అంతా ఎనభై తొంభై ఏళ్లు జేబుల్లో రాసుకుని నున్నగా అరిగిపోయి ఉంది. అక్షరాల అంచులు మాత్రం బ్లేడులా పదునుగా ఉన్నాయి. గీతల అడుగున మట్టి లేదు, మెరుపు ఉంది. మూత అరిగాక చెక్కిన అక్షరాలవి. పైగా కింద నంబరు లేదు. నాన్నగారి దాని మీద నంబరు ఉండేదని నాకు బాగా గుర్తు. రైల్వే వస్తువుకి అక్షరాలు వేసి నంబరు వేయకుండా వదిలేస్తారా? ఇంటికి తెచ్చిన దీపం మీద, ఈల మీద కూడా నంబర్లుండేవి.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. పదకొండువేల ఐదువందలు పోయాయన్న బాధ కన్నా, ఆ అక్షరాలు చూసి మొదటిరోజు రాత్రి నాన్నగారి గొలుసు తీసి దానికి తగిలించుకుని చూసుకున్నానే, ఆ తగిలించుకోవడం గుర్తొచ్చి బాధ వేసింది. అమ్మినవాడికి రాశాను. జవాబు లేదు. కొన్నాళ్లకి ఆ పేరే అక్కడ కనిపించలేదు.

వస్తువు ధర దాని వెనకున్న పేరుని బట్టి ఎలా పెరుగుతుందో మీకు తెలుసు. గాంధీగారి జెనిత్ జేబు గడియారం, కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెంతో కలిపి 2009 మార్చిలో న్యూయార్కులో వేలం వేస్తే, విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు కొన్నారు. గడియారం వరకే చూస్తే అలాంటి జెనిత్‌కి అందులో నూరోవంతు ఇవ్వరు. అక్కడ ధర పలికింది ఆ నడుముకి. నా దగ్గర ధర పలికింది మూడక్షరాలకి. అక్కడ నడుము నిజం, ఇక్కడ అక్షరాలు అబద్ధం.

అయితే ఆ రోజు ఇంకొకటి కూడా కనిపించింది. లోపలి మూత అడుగున, సూదితో గీసినట్టు సన్నటి గీతలు. భూతద్దంలో చూస్తే అంకెలు. ఒకచోట 12-43, ఒకచోట 3-51, ఇంకో రెండు చదవడానికి రాలేదు. పెద్దాయన మొహం వికసించింది. "ఇది మా బిల్లు పుస్తకం బాబూ" అన్నారు. గడియారం బాగుచేసినవాడు మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి నెల, సంవత్సరం, తన గుర్తు గీసుకునేవాడట. 1943 డిసెంబరులో ఎవరో దీన్ని విప్పి తుడిచారు. యుద్ధకాలం అది. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకూ మన దేశంలో గడియారాలన్నీ గంట ముందుకి జరిపి ఉంచారు. ఈ గడియారం కూడా ఆ గంట ముందు నడిచే ఉంటుంది. ఎవరి జేబులోనో తెలియదు. అబద్ధం చెక్కినవాడు ఈ మూత తీసి చూసి ఉంటే, వీటినీ గీకేసేవాడేమో.

సరే, బాగుచేద్దామా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. "యంత్రం అసలుది. పదిహేను రాళ్లు, అన్నీ ఉన్నాయి. చేస్తే ఇంకో యాభయ్యేళ్లు నడుస్తాది. నాకు కన్ను ఉన్నన్నాళ్లే చెయ్యగలను, తరవాత ఇటుంటివి చెయ్యడానికి ఈ ఊళ్లో ఎవురూ లేరు" అన్నారాయన. ఆయన పిల్లలు లారీల పనిలో స్థిరపడ్డారు. నేను సరే అన్నాను.

ఆయన పది రోజులు తీసుకున్నారు. ఉదయం వెలుగు బాగున్న గంటన్నర మాత్రమే దీని మీద కూర్చునేవారు. నేను వెళ్లి పక్కన కూర్చునేవాణ్ని. యంత్రం మొత్తం విప్పి, ముక్క ముక్కా పెట్రోలులో వేసి బ్రష్షుతో కడిగారు. పాత నూనె ఎండి బెల్లంపాకంలా గట్టిపడింది, దాని మీద నా కుట్టుమిషను నూనె. రాళ్ల బెజ్జాల్లో సన్నగా చెక్కిన పుల్ల పెట్టి తిప్పి, పుల్ల తెల్లగా వచ్చేవరకూ తిప్పేవారు. కీ ఇచ్చే పెద్ద స్ప్రింగు నీలపు ఉక్కుది, అలసిపోయి సాగింది. దాని వెడల్పు, మందం కొలిచి, తన పాత డబ్బాల్లో వెతికి సరిపోయేది వేశారు. నిలువుగా పెడితే ఆగిపోవడానికి కారణం బాలెన్సు ఇరుసు కొన అరిగి గరుకు తేలడం. ఆ కొన మందం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. చిన్న చేతి లేతు మీద పెట్టి దాన్ని మెరుగు పెడుతున్నప్పుడు ఆయనా మాట్లాడలేదు, నేనూ దగ్గలేదు. చివర నూనె. ప్రతి రాయి దగ్గరా సూదిమొన తగిలీ తగలనంత. అంటుకున్న చుట్టకి అసలు నూనె పెట్టకూడదట.

ఒక్కచోట మాత్రం నేను ఆయన మాట వినలేదు. ముళ్లు బోలుగా ఉండి, వాటి మధ్యలో గోధుమరంగు మందు పెచ్చులు కట్టి ఉంది. ఒకప్పుడు చీకట్లో వెలిగే ముళ్లన్నమాట. "గీకి కొత్త రంగు నింపుతాను" అని బ్లేడు తీశారు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ కాలంలో వెలిగే మందులో రేడియం కలిపేవారు. అమెరికాలో 1920 ప్రాంతాల్లో డయళ్లకి ఆ రంగు వేసే ఆడపిల్లలు కుంచె మొన పెదవులతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి ఎంతోమంది చనిపోయారు. మందు వెలగడం మానేసింది కదా అని ధైర్యం పనికిరాదు. వెలుగు ఇచ్చే పొడి చచ్చిపోతుంది కానీ రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గీకితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఆయన వినలేదు కాసేపు. "నేనిటువంటివి ఎన్ని గీకేనో" అన్నారు. తరవాత బ్లేడు పక్కన పెట్టి చాలాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నారు. ఆ మాట ఇంకొంచెం మెల్లగా చెప్పి ఉండవలసింది. ముళ్లు ముట్టుకోకుండా అలాగే ఉంచి అద్దం బిగించాం. మీ ఇళ్లలో పాత రేడియం గడియారాలుంటే పిల్లల చేత విప్పించకండి, గీకకండి. అద్దం మూసి ఉన్నంతవరకు పెద్ద భయం లేదు.

మజూరీ రెండువేల ఎనిమిదివందలు అడిగారు. మూడువేలు ఇస్తే రెండువందలు తిరిగి ఇచ్చారు.

ఇంటికి తెచ్చాక రేడియో వార్తలకి టైము కలిపాను. రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతోంది, దాని వయసుకి అది చాలు. టైము కలుపుతున్నప్పుడు ఇంకో సంగతి మనవడికి చెప్పాను. మన దేశమంతటికీ ఒకే టైము 1906 జనవరి 1న పెట్టారు. దానికి ఆధారమైన రేఖ 82½ డిగ్రీలది, మన కాకినాడ దగ్గరనుంచి పోతుంది. సాలూరు ఆ రేఖకి కాస్త తూర్పున ఉంది కనుక సూర్యుడు నడినెత్తికి మన దగ్గర సుమారు మూడు నిమిషాలు ముందే వస్తాడు. అందుకని నా గడియారం రెండు నిమిషాలు ముందుంటే అది సాలూరు టైము చూపిస్తోందని సరిపెట్టుకున్నాను.

రెండు వారాలు బాగా నడిచి, ఒకరోజు ఉన్నట్టుండి అరగంట ముందుకి పోయింది. మళ్లీ పరుగెత్తుకెళ్లాను. ఈసారి నూనె వేయలేదని ముందే ప్రమాణం చేశాను. పెద్దాయన చిన్న దిక్సూచి తీసి గడియారం మీద పెట్టారు. ముల్లు వణికింది. "అయస్కాంతం పట్టింది. ఏ జేబులో పెట్టేరు?" అన్నారు. చొక్కా జేబులో, ఫోనుతోపాటు. ఫోను తొడుగు మూత టక్కున అతుక్కునే రకం, దాన్లో అయస్కాంతం ఉంటుంది. ఉక్కు చుట్టలు మళ్లీ అంటుకున్నాయి. కరెంటు తీగ చుట్ట మధ్యలోంచి గడియారాన్ని మెల్లగా లాగితే ఆ గుణం పోయింది. ఐదు నిమిషాల పని, డబ్బు తీసుకోలేదు. కీ ఇచ్చే పాత వాచీలు మీ దగ్గర ఎన్నో ఉంటాయి. ఫోనుకీ, స్పీకర్లకీ దూరంగా ఉంచండి. జేబు గడియారాన్ని రాత్రి బల్ల మీద పడుకోబెట్టకుండా మేకుకి వేలాడదీస్తే, పగలూ రాత్రీ ఒకే భంగిమలో ఉండి టైము నిలకడగా ఇస్తుంది. నాన్నగారి మేకు సంగతి నాకు డెబ్బయ్యేళ్లకి అర్థమైంది.

చివరికి మూడక్షరాల సమస్య. మా అబ్బాయి, "అబద్ధం కదా, పాలిష్ పెట్టి చెరిపించేయండి" అన్నాడు. పెద్దాయన, "చెరిపితే మూత పల్చబడతాది, మీ ఇష్టం" అన్నారు. మా ఆవిడ ఏమీ అనదనుకున్నాను. "ఆ గొలుసు దానికే ఉంచుతారా, తీసేస్తారా, ముందది తేల్చండి" అంది.

ఆ ప్రశ్న నన్ను నాలుగు రోజులు తిప్పింది. ఇది నాన్నగారి గడియారం కాదు. బహుశా ఏ గార్డు గడియారమూ కాదు. రేపు నేను పోయాక మా మనవడి పిల్లలు గొలుసు, గడియారం, అక్షరాలు కలిపి చూసి, "మా ముత్తాత తండ్రి రైల్వే గడియారం" అని చెప్పుకుంటారు. నలుగురికీ చూపిస్తారు. ఎవడో ఒకడు దాన్ని పెద్ద ధరకి కొంటాడు. అప్పుడు ఆ వేలంవాడికీ నాకూ తేడా ఏముంది? అలాగని అక్షరాలు చెరిపితే, నేను మోసపోయిన సంగతి కూడా చెరిగిపోతుంది. అదీ దాని చరిత్రలో భాగమే కదా, ఆ 12-43 లాగా.

పూర్వం ఇంగ్లండులో గడియారాలు చేసేవారు, బాగుచేసేవారు కేసు లోపల గుండ్రంగా కత్తిరించిన కాగితం ఒకటి పెట్టేవారట, దాని మీద తమ పేరు, చేసిన పని రాసి. నేనూ అదే చేశాను. రెండు మూతల మధ్య పట్టేలా ఒక కాగితం రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దదిగా కత్తిరించి, సన్నటి అక్షరాలతో రాశాను. యంత్రం అసలుది, సుమారు 1930. కేసు నికెల్. డయలు మీద పేరు, మూత మీద అక్షరాలు తరవాత వేసినవి. గొలుసు మాత్రం బి.ఎన్.ఆర్. గార్డుది. వెనకవైపు తేదీ, నా సంతకం. తేదీ ముద్ర వేయడం ఒక్కటే తక్కువ. పెద్దాయనని కూడా లోపలి మూత మీద తన గుర్తు గీయమన్నాను. "ఇప్పుడెవురు గీస్తారు బాబూ" అంటూనే, కన్ను దగ్గరపెట్టి, 1951 పక్కన కొత్త నెల, సంవత్సరం గీశారు. చెయ్యి కొంచెం వణికింది, ఆఖరి అంకె వంకర పోయింది.

గొలుసు దానికే ఉంచాను. పొద్దున్నే కీ ఇచ్చాను, రేపటివరకు నడుస్తుంది. ముందు వరస నుంచి పంపుతున్నాను, అందరూ చెవి దగ్గర పెట్టుకుని వినవచ్చు. వెనక మూత గోటితో తీస్తే వస్తుంది, కాగితం చదవండి. లోపలి మూత మాత్రం తీయకండి. ఫోను ఉన్న చేత్తో పట్టుకోకండి.